పురి పెట్టిన వెలుగు

ఎనిమిదేళ్ల మా మేనకోడలు గోడ మీదికి టార్చిలైటు కొడుతూ, "మామయ్యా, వెలుగును తాడులా పేనొచ్చా?" అంది.

పేనొచ్చు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో లెస్ ఆలెన్, వూర్డ్‌మన్, వాళ్ల సహచరులు 1992లోనే ఆ సంగతి రుజువుగా రాశారు. పిల్లకు అర్థమయ్యేలా చెప్పడమే అసలు పని. వంటింట్లో పళ్లెం నిండా అట్లు దొంతరగా ఉన్నాయి. మామూలు లేజరులో అలలు ఇలాగే చదునుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయన్నాను. తర్వాత ఒక బోల్టు చేతికిచ్చి, దాని మర వెంట వేలు జరపమన్నాను. పురి పెట్టిన వెలుగులో అల అలా తెగకుండా చుట్టుకుంటూ సాగుతుంది.

"అయితే వెలుగు వంకరగా పోతుందా?"

పోదు. కిరణపుంజం తిన్నగానే వెళ్తుంది, మెలిక అలలో ఉంటుంది. పెద్దవాళ్లు కూడా తడబడే చోటిది.

1994లో లైడెన్ వాళ్లే వెలుగుకు పురి పెట్టడానికి ఓ పారదర్శకమైన బిళ్ల చేశారు. చుట్టుమెట్ల మాదిరి, ఒక చుట్టు తిరిగేసరికి దాని మందం కొద్దికొద్దిగా పెరుగుతుంది. మందంగా ఉన్నచోట వెలుగు వెనకబడుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి సరిగ్గా ఒక అలంత వెనకబడితే పురి పడినట్టే. నడిమధ్యన మాత్రం ఎగిసే అలలూ దిగే అలలూ ఒకేచోట కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అక్కడ చీకటి. తెర మీద పడేది అచ్చం గారె! ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చిల్లు.

"తాడులో లాగా మూడు పాయలు కుదురుతాయా?" కుదురుతాయి, మూడు అలలంత వెనకబడితే చాలు. పాయలు ఎన్నయినా పెట్టొచ్చు కనుక వాటిని అక్షరాల్లా వాడుకోవచ్చు. 2014లో వియన్నా నగరం మీదుగా 3 కిలోమీటర్ల దూరానికి, ఇలాంటి పురుల కలయికలతో చేసిన 16 నమూనాలతో మొజార్ట్, బోల్ట్‌జ్‌మన్, ష్రోడింగర్ బొమ్మలు పంపారు.

పాప మళ్లీ బోల్టు తిప్పి చూసింది. "మర ఎదురుదిక్కుకు ఉంటే గారె వేరేగా కనబడుతుందా?"

ఎంత మంచి ప్రశ్న! కనబడదు. అదే గారె, అదే చిల్లు. కానీ తేడా తెలిసే దారి ఉంది. 1995లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ వెలుగును, ద్రవంలో తేలే సన్నటి నల్ల రేణువు మీద పడనిచ్చి సూక్ష్మదర్శినిలో చూశారు. వెలుగును పీల్చుకున్న రేణువు గిర్రున తిరిగింది. పురిని ఎదురుదిక్కుకు మారిస్తే రేణువూ అటే తిరిగింది.