కుడి మీట మెనూ

రాయలసీమలోని అనంతపురము ప్రాంతము కరవునకు పేరుపడినది. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము ఇచ్చట బలహీనపడును. తూర్పు తీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును అంతగా తోడ్పడదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. కావున ఇచ్చట వర్షపు లెక్క ధాన్యపు లెక్కవలెనే విలువైనది. వర్షపాతమును బట్టి వేరుశనగ పంటకు బీమా పరిహారము నిర్ణయించిన సంవత్సరములును కలవు.

2022 ఏప్రిల్ నెలలో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడుటకు పూర్వము అనంతపురము జిల్లాలో 63 మండలములుండెను. ఒక్కొక్క మండలమునకు నెలకొక ఫైలు చొప్పున వర్షపు లెక్కలను కంప్యూటరులో దాచిరనుకొందము. ఏడాదికి 756 ఫైళ్లగును. పదేండ్లకు 7,560 అగును. ఇన్నింటిని తెరచుటకు, పేరు మార్చుటకు, ఒకచోటినుండి వేరొకచోటికి చేర్చుటకు తోడ్పడు సాధనమే ఫైల్ మేనేజరు. విండోసులో దీనికి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అని పేరు. లినక్సు వాడువారిలో పలువురు డాల్ఫిన్ అను దానిని ఉపయోగింతురు.

మౌసు ఎడమ మీటను నొక్కినచో ఫైలు ఎన్నుకొనబడును. కుడి మీటను నొక్కినచో ఆ ఫైలుతో చేయదగిన పనుల పట్టిక తెరపై కనబడును. దీనినే మెనూ అందురు. ఫైలుపై నొక్కిన ఒక పట్టిక, ఖాళీ స్థలముపై నొక్కిన వేరొక పట్టిక వచ్చును. ఇట్లు సందర్భమును బట్టి మారుటయే దీని విశేషము. 1970వ దశకమున అమెరికాలోని జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఇట్టి మెనూలు రూపొందెను. 1995లో వెలువడిన విండోస్ 95 వీనిని సామాన్యులకు పరిచయము చేసెను.

అయితే కంప్యూటరులో క్రొత్త ప్రోగ్రాములు చేరిన కొలదియు, వానిలో పెక్కు తమ పేరును ఈ పట్టికలో చేర్చుచుండును. పట్టిక పెరిగినచో కావలసినది వెదకుట కష్టము. పేరు మార్చబోయి తొలగించు ప్రమాదమును కలదు. కంప్యూటరునందు తొలగించిన ఫైలు సాధారణముగ రీసైకిల్ బిన్ అను బుట్టలో చేరును గాని, విండోసులో పెన్‌డ్రైవునుండి తొలగించినది సామాన్యముగ అందు చేరదు. విత్తనము వేయునాడు రైతు గొర్రును తీసికొనిపోవును గాని, ఇంటనున్న పనిముట్లన్నింటిని బండి కెక్కింపడు గదా! మెనూ విషయమునను ఇదియే నీతి.

డాల్ఫిన్ సెట్టింగులలో కాంటెక్స్ట్ మెనూ అను భాగము కలదు. అచ్చట అనవసరమైన అంశముల కెదురుగా నున్న గుర్తులను తీసివేసినచో అవి పట్టికనుండి తొలగును. విండోసులో మెనూకు అవసరమైనదానిని చేర్చుటకు సులభమార్గము సెండ్ టు. విండోస్ మీటతో ఆర్ అక్షరమును నొక్కి, వచ్చిన గడిలో ‘షెల్:సెండ్‌టు’ అని ఆంగ్లాక్షరములతో వ్రాసినచో ఒక ఫోల్డరు తెరచుకొనును. వేరొక డిస్కులో ‘వర్షపాతము’ అను ఫోల్డరు నుంచుకొని, దాని షార్ట్‌కటును ఇందు చేర్చవలెను. అటుపై ఏ ఫైలుపైనైనను కుడి మీటను నొక్కి, సెండ్ టులో ఆ పేరు నెన్నుకొన్న చాలును. ఒక నకలు ఆ డిస్కులో చేరును. 2021లో వచ్చిన విండోస్ 11లో మెనూను కుదించిరి. అందు ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కిన పాత పట్టిక కనబడును.

విండోస్ మెనూలోని పెక్కు అంశముల వివరములు రిజిస్ట్రీ అను చోట నుండును. అచ్చట పొరపాటు జరిగినచో కంప్యూటరు పనికే భంగము కలుగవచ్చును. కావున ముందుగా దాని నకలు తీయక దానిని మార్చరాదు. ఆయా ప్రోగ్రాముల సెట్టింగులలోనే వాని పేర్లను మెనూనుండి తొలగించు వీలున్నచో అదియే మేలు. పలువురు వాడు కంప్యూటరైనచో తక్కినవారికి తెలుపక మార్పులు చేయుట తగదు.

చక్కదిద్దిన మెనూ వలన పని త్వరగా సాగును. అంతకు మించి లెక్క భద్రముగా నుండును. పోయిన ఉత్తరమును తిరిగి వ్రాయవచ్చును గాని, కురిసి ఇంకిన వానను మరల కొలుచుట ఎవరి తరమును కాదు.