గట్టు జరిపే ముందు...

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కే ఇది. సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తుంటుంది. పక్కనే డి డ్రైవ్‌లో మాత్రం బోలెడంత ఖాళీ! అందులోంచి కాస్త ఇటు తెచ్చుకోలేమా? తెచ్చుకోవచ్చు. అదీ మౌస్‌తోనే. కానీ పాప మొదటి పుట్టినరోజు ఫొటోలూ, అన్నయ్య పెళ్లి వీడియోలూ ఉన్నది ఆ డి డ్రైవ్‌లోనే కదా... అందుకే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ఒకే పొలం... రెండు మళ్లు

హార్డ్‌డిస్క్‌ని ఒక పొలం అనుకుంటే పార్టిషన్లు అందులో గట్లు వేసి విడదీసిన మళ్లన్నమాట. ఏ మడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిస్క్ మొదట్లోనే ఒక చిన్న పట్టికలో రాసి ఉంటుంది. గట్టు జరపడమంటే ఆ పట్టికను దిద్దడం, అవసరమైతే మడిలోని సరుకునీ మోయడం.

స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేస్తే ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ కనిపిస్తుంది. పార్టిషన్లన్నీ వరుసగా బొమ్మల్లో చూపిస్తుంది. విస్టా కాలం నుంచీ ఇందులోనే డ్రైవ్‌ని తగ్గించే, పెంచే వీలుంది. చాలామంది డి డ్రైవ్‌ని తగ్గించి, తీరా సి డ్రైవ్‌ని పెంచబోతే ‘ఎక్స్‌టెండ్’ మసగ్గా ఉండి పలకదు. ఎందుకంటే తగ్గించిన ఖాళీ డి డ్రైవ్ చివర్లో చేరుతుంది. సి పెరగాలంటే ఆ ఖాళీ దాని పక్కనే ఉండాలి!

లాగి వదిలేయడమే

ఇక్కడే ‘జీపార్టెడ్’ ఆదుకుంటుంది. 2004లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే కంప్యూటర్‌ని బూట్ చేయాలి. డి డ్రైవ్ ఎడమ అంచును మౌస్‌తో కుడికి జరిపి, అక్కడ ఏర్పడిన ఖాళీలోకి సి డ్రైవ్‌ని పెంచాలి. మధ్యలో చిన్న రికవరీ పార్టిషన్ ఉంటే చెరిపేయకండి. విండోస్ మొరాయిస్తే అక్కరకొచ్చేది అదే. దాన్నీ ముందుగా కుడికి జరపాలి.

ఇందులో ఓ సదుపాయం ఉంది. అంచు లాగగానే ఏమీ జరిగిపోదు. మీరు చెప్పిన పనులన్నీ కింద జాబితాగా చేరతాయి. ‘అప్లై’ నొక్కాకే అసలు పని మొదలు. అప్పటిదాకా ఎన్నిసార్లయినా మనసు మార్చుకోవచ్చు.

ఇవి మరవొద్దు

* ఎడమ అంచు కదిలితే డి డ్రైవ్‌లోని డేటా అంతా కొత్తచోటికి మారాలి. గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే అంతా తారుమారే. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే కరెంటు కోత లేని వేళ చూసుకోండి. యూపీఎస్ కాసేపే ఆదుకుంటుంది.

* షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి. అప్పుడే విండోస్ పూర్తిగా ఆగుతుంది.

* బిట్‌లాకర్ రక్షణ ఉంటే ముందే తీసేయండి.

* అన్నిటికన్నా ముఖ్యం... ఫొటోలన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకోండి. అదే డిస్క్‌లోని ఇంకో డ్రైవ్‌లో దాస్తే లాభం లేదు.

అసలు డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే గట్టు జరిపే అవసరమే రాకపోవచ్చు. తప్పదనుకుంటే మాత్రం కాపీ తీశాకే చేయి పెట్టండి. విండోస్ పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. పాప మొదటి పుట్టినరోజు మళ్లీ రాదుగా!