కుర్చీలోంచి లేవడానికి 12 సెకన్లు: వయసు, కండ, ఉల్లిపాయ

12 సెకన్లు

చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. అందుకు 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల కండరాల సత్తా తగ్గినట్టేనని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో గీత గీసింది. చేతి పట్టుకూ కొలత ఉంది: మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోల కంటే తగ్గకూడదు.

వయసుతో కండ కరిగిపోవడాన్ని ‘సార్కోపీనియా’ అంటారు. 1989లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోసెన్‌బర్గ్ ఈ పేరు ప్రతిపాదించారు. గ్రీకులో ‘సార్క్స్’ అంటే మాంసం, ‘పెనియా’ అంటే లోటు. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది. అరవై దాటితే ఆ వేగం ఇంకా పెరుగుతుంది. బలమైతే కండ కంటే త్వరగా పోతుంది. మనిషి చిక్కినట్టు కనబడకముందే బస్సు మెట్లు ఎత్తుగా తోచడం అందుకే.

6,000

మొక్కల్లో ఇప్పటిదాకా గుర్తించిన ఫ్లేవనాయిడ్లు 6,000కు పైమాటే. అన్నిటికీ మూలం 15 కార్బన్ పరమాణువుల చట్రం. ఉల్లిపాయలో క్వెర్సెటిన్, కమలా పండులో హెస్పెరిడిన్, టీ ఆకులో కాటెచిన్లు, నేరేడు పండుకు ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్లు, సోయాలో ఐసోఫ్లేవోన్లు ఈ కుటుంబానివే. 1936లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జీ వీటిని ‘విటమిన్ పి’ అన్నారు. ఇవి లేకపోతే ఫలానా జబ్బు వస్తుందని రుజువు కాలేదు కనుక ఆ పేరు నిలవలేదు.

వయసు మళ్లిన కండ కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు నీరసిస్తాయి. సన్నని వాపు ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది. పాత ప్రొటీన్ విరిగినంత వేగంగా కొత్తది తయారు కాదు. ఫ్లేవనాయిడ్లు ఈ మూడు చోట్లా మేలు చేస్తాయని కణాల మీద, ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. అయితే గాజుపాత్రలో కణాలకు అందించే మోతాదు చాలాసార్లు మన రక్తంలోకి చేరేదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మనుషుల మీద జరిగిన అధ్యయనాల లెక్కలే మనకు ముఖ్యం.

10 మిల్లీగ్రాములు

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో సగటున 58 ఏళ్ల వయసున్న 1,701 మందిని సుమారు 12 ఏళ్లు గమనించారు. ఆ కాలంలో 13.2 శాతం మంది నడక మందగించి, పట్టు సడలి, త్వరగా అలసిపోయే ‘ఫ్రెయిల్టీ’ స్థితికి చేరుకున్నారు. రోజువారీ తిండిలో క్వెర్సెటిన్ 10 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉన్నవారిలో ఆ ముప్పు అవకాశాలు 35 శాతం తక్కువగా కనిపించాయి. మొత్తం ఫ్లేవనాయిడ్లను కలిపి లెక్కిస్తే మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. 2023లో వెలువడిన ఈ ఫలితం ఒక సంబంధాన్ని చూపిస్తుందే తప్ప, ఉల్లే కారణమని నిరూపించదు. కూరగాయలు బాగా తినేవారికి ఇతర మంచి అలవాట్లూ ఉండవచ్చు.

పచ్చి ఉల్లిలో 100 గ్రాములకు సుమారు 20 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఉంటుంది. అంటే 10 మిల్లీగ్రాములకు 50 గ్రాముల చిన్న ఉల్లిపాయ చాలు. పై పొరల్లోనే ఇది ఎక్కువ, కాబట్టి పొట్టుతోపాటు రెండు మూడు పొరలు తీసి పారేయకండి. ఉడికిస్తే కొంత నీళ్లలోకి దిగుతుంది. పులుసులోనో సాంబారులోనో వేస్తే ఆ నీళ్లూ మన కంచంలోకే వస్తాయి.

52 శాతం

1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఉల్లిలోని క్వెర్సెటిన్ సుమారు 52 శాతం ఒంటికి పడుతోందని లెక్కగట్టారు. శుద్ధిచేసిన క్వెర్సెటిన్‌లో పట్టింది 24 శాతమే. ఉల్లిలో అది చక్కెర అణువుతో జతకట్టి ఉండటమే ఈ తేడాకు కారణం.

128 మంది

జపాన్‌లో 75 ఏళ్లు దాటి, సార్కోపీనియా ఉన్న 128 మంది మహిళలను నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టు వ్యాయామంతోపాటు రోజూ 540 మిల్లీగ్రాముల కాటెచిన్లున్న టీ తాగింది. మిగతావాటిలో ఒకటి వ్యాయామం మాత్రమే చేసింది, ఒకటి టీ మాత్రమే తాగింది, ఇంకొకటి ఆరోగ్య పాఠాలు విన్నది. మూడు నెలల తర్వాత కాలి కండ, నడక వేగం కలిపి చూస్తే వ్యాయామం, టీ రెండూ ఉన్న జట్టే ముందుంది. ఫ్లేవనాయిడ్‌కు తోడుగా కదిలే కాలు కావాలి.

174 శాతం

ఆ కదలిక ఎంత పని చేయగలదో 1990లో అమెరికాలో తెలిసింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున తొంభై ఏళ్ల వయసున్న పది మందితో ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. శిక్షణ పూర్తిచేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఏ మొక్క రసాయనమూ దీని దరిదాపులకు రాలేదు.

కండ కట్టడానికి ముడిసరుకు ప్రొటీన్. పెద్దవయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు మంచిదని నిపుణుల సూచన. 60 కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప ప్రతి పూటా ఏదో ఒకటి ఉంటేనే ఆ లెక్క తేలుతుంది. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

800 మిల్లీగ్రాములు

గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రల్లో ఉండే ఈజీసీజీ అనే కాటెచిన్ రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన వాడితే కాలేయానికి ఇబ్బంది రావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మామూలుగా కాచుకు తాగే టీ వేరు, గుప్పెడు మాత్రలు వేరు.

ఈ అంకెలన్నీ కలిపి చూస్తే వరుస తెలుస్తుంది. ముందు కదలిక, తర్వాత ప్రొటీన్, వాటి పక్కన ఉల్లి, పండు, ఆకుకూర. మన ఇళ్లలో అమ్మనో నాన్ననో ప్రేమగా “నువ్వు కూర్చో, మంచినీళ్లు నేను తెస్తాను” అంటాం. ఆ ప్రేమ రోజుకు పదిసార్లు వాళ్లు లేచే అవకాశాన్ని పోగొడుతోంది. సాంబారులో ఇంకో ఉల్లిపాయ వేయండి. మంచినీళ్లు మాత్రం, పడిపోయే భయం లేకపోతే, వాళ్లనే లేచి తెచ్చుకోనివ్వండి.