పన్నెండు మాటల తాళం

కాగితం తడిస్తే ఏమవుతుంది? ఎండలో ఆరవేసుకుంటే సరి అంటారు మీరు. కువైట్‌లో నాలుగేళ్లు పనిచేసి వాకాడు వచ్చిన మా పూర్వవిద్యార్థి ఒకడికి మాత్రం అది అంత తేలిగ్గా తీరలేదు. తుపాను వానకి ఇల్లు కారి ట్రంకుపెట్టె నిండా నీళ్లు చేరాయి. అందులో రెండు వస్తువులున్నాయి. ఒకటి బొటనవేలంత యంత్రం. తడిసి ఇక వెలగనంది. రెండోది ఇంకుపెన్నుతో 12 ఇంగ్లీషు మాటలు రాసుకున్న కాగితం. అందులో పన్నెండో మాట అలుక్కుపోయింది.

"సగం సంపాదన దాన్లోనే ఉంది సార్" అంటూ కాగితం నా ముందు పెట్టబోయాడు. వెంటనే మడవమన్నాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఆ యంత్రం పేరు హార్డ్‌వేర్ వాలెట్. వాలెట్ అంటే డబ్బుసంచి గదా, కాని ఇందులో డబ్బుండదు. బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. దాని లెక్కలన్నీ ఒక పెద్ద చిట్టాలో ఉంటాయి. ఆ చిట్టా నకళ్లు లోకమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. "నా ఖాతాలోది ఫలానా వారికి ఇవ్వండి" అని చెప్పడానికి ఒక రహస్యసంఖ్యతో సంతకం చేయాలి. ఆ సంఖ్యే తాళంచెవి. చెవి ఎవరి దగ్గరుంటే సొమ్ము వారిది. ఇక్కడ బ్యాంకు మేనేజరు లేడు, అర్జీ పెట్టుకునే చోటు లేదు.

చెవిని కంప్యూటరులో దాస్తే ఇంటర్నెట్ ద్వారా దొంగ కార్యక్రమాలు చొరబడి ఎత్తుకుపోతాయి. అందుకని చెవి బయటికి రాకుండా లోపలే సంతకం చేసి, సంతకాన్ని మాత్రమే బయటికి పంపే యంత్రాలు వచ్చాయి. 2014లో ప్రాగ్ నగరపు సతోషీల్యాబ్స్ సంస్థ ట్రెజర్ అనే దాన్ని అమ్మకానికి పెట్టింది. చెక్ భాషలో ఆ మాటకు ఇనప్పెట్టె అని అర్థం.

మరి 12 మాటలెందుకు? యంత్రం చెడిపోతే కొత్త యంత్రంలో ఆ మాటలను అదే వరుసలో ఎక్కిస్తే పాత చెవి మళ్లీ పుడుతుంది. నాణెం ఎగరేసి బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 అని రాయండి. యంత్రం తనలో తాను ఇలా 128 సార్లు చేస్తుంది. ఆ 128 అంకెల నుంచి లెక్కగట్టి మరో 4 అంకెలు చివర చేరుస్తుంది. మొత్తం 132. వాటిని పదకొండేసి చొప్పున విడదీస్తే 12 ముక్కలు. 11 చోట్ల 0, 1 లను 2048 విధాలుగా పేర్చవచ్చు గదా, అందుకే 2048 మాటల పట్టిక ఒకటి తయారు చేశారు. ఒక్కో ముక్కకు ఒక్కో మాట. (ఆ పట్టిక జపాను, కొరియా భాషల్లో కూడా ఉంది. తెలుగులో లేదు. ఎవరైనా పూనుకోవాలి!)

ఊహించి కొట్టేయలేరా? వాకాడు మండలపు సముద్రతీరాన్ని తలచుకోండి. 20 కిలోమీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు ఇసుక ఉందనుకుందాం. అంటే కోటి ఘనపు మీటర్లు. రేణువు అర మిల్లీమీటరనుకుంటే ఘనపు మీటరుకు 800 కోట్ల రేణువులు. మొత్తం లెక్క 8 పక్కన 16 సున్నాలు. ఇప్పుడు ప్రతి రేణువు లోపలా మళ్లీ అంత తీరం ఉందనుకోండి. అయినా చాలదు! 128 నాణేల ఫలితాలు ఆ లెక్కకి ఇంకా 50 వేల రెట్లు పైనే.

అందుకే దొంగలు ఊహించే పని పెట్టుకోరు, మననే అడుగుతారు. 2020లో లెడ్జర్ అనే ఫ్రెంచి సంస్థ వినియోగదారుల చిరునామాలు బయటికి పొక్కాయి. మరుసటి ఏడు కొందరికి నకిలీ యంత్రాలు పోస్టులో వచ్చాయి, "మీ మాటలు ఇందులో ఎక్కించండి" అని. కాబట్టి యంత్రాన్ని తయారీదారు దగ్గరే కొనాలి. పెట్టెలో మాటలు ముందే అచ్చువేసి ఉంటే అది మోసమే. మాటలను యంత్రమే మన కళ్లముందు తన తెరమీద పుట్టించాలి. వాటిని ఫోనుతో ఫోటో తీయరాదు, కంప్యూటరులో కొట్టరాదు, మాస్టారికైనా చూపరాదు. మొదట కొద్ది మొత్తం వేసి, యంత్రాన్ని చెరిపి, మాటలతో తిరిగి తెప్పించి చూశాకే మిగతాది. మన ప్రయోగశాలలో తూనికను ముందు సున్నాకి తెచ్చుకోమూ, అలాగన్నమాట.

ఏదైనా పంపేటప్పుడు కంప్యూటరు తెరను కాక యంత్రపు తెరను చదవాలి. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే భారతీయ మారకసంస్థ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైనవి పోయాయి. తెరమీద కనిపించినదీ, సంతకం పడినదీ ఒకటి కావని ఆ సంస్థే చెప్పింది.

నేను వీటిని కొనమనడం లేదు సుమా. ధర ఒక్క రోజులో కూలవచ్చు. మన దేశంలో ఇది చట్టబద్ధమైన నగదు కాదు, 2022 ఏప్రిల్ నుంచి లాభంమీద 30 శాతం పన్ను ఉంది.

ఇక మన కువైట్ అబ్బాయి సంగతి. పన్నెండో మాటలో 11 అంకెలు. వాటిలో చివరి 4 లెక్కగట్టినవి, స్వేచ్ఛగా ఉన్నవి 7 మాత్రమే. అంటే 2048 మాటల్లో అక్కడ చెల్లేవి 128. మిగతావాటిని యంత్రమే తిప్పికొడుతుంది. పైగా పోయిన మాట మొదటి అక్షరాన్ని వాడు పోలికపట్టగలిగాడు. కొత్త యంత్రం తెప్పించి, ఆ అక్షరంతో మొదలయ్యే మాటలను ఒక్కొక్కటే ఎక్కించి చూడమన్నాను. యంత్రం ఒప్పుకున్న ప్రతిసారీ అది చూపే చిరునామాను పాత చిరునామాతో సరిపోల్చాలి. చిరునామా రహస్యం కాదు, వాడి ఫోనులోనే ఉంది. అదే నాలుగు మాటలు పోయుంటేనా, 17 లక్షల కోట్లకు పైగా జతలు!

మూడో రోజు సాయంత్రం మా ఇంటికొచ్చాడు. మొహం చూడగానే తెలిసింది.

ఈసారి దేనిమీద రాయాలన్నాడు. ఇంకు నీళ్లలో కరుగుతుంది. పెన్సిలు గీత కర్బనం, కరగదు. కాని కాగితానికి చెదలూ నిప్పూ ఉన్నాయి. రేకు మంచిది. మామూలు ఇనుమైతే మన ఉప్పుగాలికి తుప్పుపడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుపై క్రోమియం ఆక్సైడు పొర కాపలా కాస్తుంది. మాలిబ్డినం కలిసిన 316 రకమైతే ఉప్పుకు ఇంకా బాగా ఓర్చుకుంటుంది. ఆ రకం రేకు రెండు ముక్కలు తెచ్చి, తలుపు వేసుకుని, అక్షరాల పోగరలతో తానే కొట్టుకున్నాడు. ఒకటి వాళ్లింట్లోనే లేదని మాత్రం చెప్పాడు. ఎక్కడుందో నేనడగలేదు.