బ్రేకు చెడుటకు ముందు కనబడు గుఱుతులు

తిరుమల కొండకు మొదటి ఘాటు మార్గము 1944వ సంవత్సరమున తెఱవబడినది. 1974లో రెండవ మార్గ మేర్పడిన పిదప క్రొత్త త్రోవ నెక్కుటకును, పాత త్రోవను దిగుటకును వాడుచున్నారు. ఎక్కునప్పుడు పరీక్ష యంతయు ఇంజనునకు, దిగునప్పుడు బ్రేకునకు. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును, అందలివారు చెట్టునీడను కూర్చుందురు. బ్రేకు చెడినచో బండి నిలువదు. ఇది యెఱిగియు మనవారు ఇంజను చప్పుడు మాఱినంతనే మేస్త్రీ కడకు పరుగెత్తుదురు. బ్రేకు మూలిగినచో పాటల శబ్దము పెంచుదురు.

దీనికి 'నిరోధక'మని పేరిడవలెనను పండితులు కలరేమో, నాకా ముచ్చట లేదు. బండి నడపువా డెఱుగని మాట బండికి పనికిరాదు. పెడలును త్రొక్కినపుడు సిలిండరులోని ద్రవము ఒత్తబడి, ఆ ఒత్తిడి సన్నని గొట్టముల వెంట నాలుగు చక్రములకును చేరును. అచ్చట ప్యాడ్లు చక్రముతో తిరుగు ఇనుప పళ్లెమును అదిమి పట్టును. రాపిడిచే బండి వేగము వేడిగా మాఱును. కొన్ని బండ్లకు వెనుక చక్రములందు పళ్లెమునకు బదులు డ్రమ్ముండును.

మొదటి గుఱుతు చెవికి తెలియును. క్రొత్త ప్యాడు మందము సుమారు 10 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లకు అరిగినచో మార్పింపవలెను. పెక్కు ప్యాడ్లకు చిన్న ఉక్కురేకు అమర్చబడి యుండును. ప్యాడు అరిగినపుడు అది పళ్లెమును తాకి కీచుమనును. వానలో తడిసిన బండి ఉదయమున రెండు మూడు మారులు కీచుమని యూరకుండుట సహజమే. మానని కీచు సహజము గాదు. గరగర వినబడినదా, ప్యాడు పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును కోయుచున్నదని యెఱుగుడు.

చెవికంటె పాదము మంచి సాక్షి. పెడలు మునుపటికంటె లోతుకు దిగినను, దూదివలె మెత్తబడినను ద్రవము కాఱుచుండవచ్చును, లేదా అందు గాలి చేరియుండవచ్చును. ఱాయివలె గట్టిపడినచో పాదమునకు తోడ్పడు బూస్టరు పని చేయుట లేదేమో చూపింపవలెను. బ్రేకు త్రొక్కినపుడు బండి యొకప్రక్కకు లాగినచో ఒక చక్రము బ్రేకు సరిగా పట్టుటలేదనవచ్చును. అయితే ఏబీఎస్ గల బండిని జారుడు నేలపై గట్టిగా ఆపునపుడు పెడలు టకటక కొట్టుకొనుట దోషము గాదు. దానికి బెదరి పాదము తీయరాదు.

ఇక అందఱును మఱచునది ఆ ద్రవమును గూర్చియే. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకొనును. డాట్ 4 అను తరగతి ద్రవము క్రొత్తదిగా నున్నపుడు 230 డిగ్రీల సెంటీగ్రేడు దాక మరుగరాదని నియమము. నూటికి నాలుగు పాళ్లకు లోపుగా నీరు చేరినను ఆ హద్దు 155కు దిగును. పల్లపు దారిలో బ్రేకు పదేపదే త్రొక్కగా చక్రముల కడ వేడి పెరిగి, పాత ద్రవము మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నణగదు, ఆవిరి యణగిపోవును. పెడలు నేలకు దిగును, బండి ఆగదు. కావున ఊరిలో చక్కగా ఆగిన బండి కొండపై ఆగునను నమ్మకము లేదు. రెండేండ్ల కొకమారు ద్రవమును మార్పించుట సాధారణముగా చాలును.

ఎదుట ఎఱ్ఱదీపము వెలిగినచో ముందు చేతిబ్రేకు దింపితిరో లేదో చూడుడు. దింపినను ఆరనిచో ద్రవము తగ్గియుండవచ్చును. ఊరక నింపి సాగిపోవుట తెలివి గాదు. తగ్గుటకు ప్యాడ్ల అరుగుదలయో కాఱుటయో కారణమై యుండును.

దిగునపుడు తక్కువ గేరులో నుండి, బరువును ఇంజనుచేతనే ఆపింపుడు. మాడు వాసన తగిలినచో సురక్షితమైన చోట బండి నిలిపి చక్రములను చల్లారనీయుడు. పెడలు నేలకు దిగిపోయినచో దానిని వడివడిగా పలుమారులు త్రొక్కుచు, గేరు తగ్గించుచు, చేతిబ్రేకును మెల్లమెల్లగా బిగింపుడు. ఇంజనును మాత్రము ఆర్పరాదు. ఆర్పినచో స్టీరింగు బరువెక్కును, బూస్టరు తోడ్పాటును పోవును.

కొండ దిగుటకు ముందు సమతలమున నిలిపి యొక చిన్న పరీక్ష చేయవచ్చును. ఇంజను ఆర్పి పెడలు గట్టిపడుదాక నాలుగైదు మారులు త్రొక్కి, పాదము తీయక ఇంజను నడిపింపుడు. పెడలు కొంచెము దిగి నిలిచినచో మేలు. అర నిమిష మట్లే అదిమియుంచగా ఇంకను దిగుచునే యున్నదా, బండిని అక్కడనే విడువుడు. దిగుటకు ఆర్టీసీ బస్సులు కలవు.