బియోర్న్ ఎలుగుబంటిగా మారడం మన కంట ఎందుకు పడదు?

జె. ఆర్. ఆర్. టోల్కీన్ 1937లో వెలువరించిన ‘ది హాబిట్’ నవలలో బియోర్న్ అనే పాత్ర ఉంది. ఒకప్పుడు నల్లటి జుట్టు, గుబురు గడ్డం ఉన్న ఆజానుబాహువు. ఇంకొకప్పుడు పెద్ద నల్ల ఎలుగుబంటి. నవల మొత్తంలో అతనికి దక్కింది ఏడో అధ్యాయం, చివరి యుద్ధంలో కాసేపు, తిరుగు ప్రయాణంలో నాలుగు మాటలు. అయినా పుస్తకం మూసేశాక పదముగ్గురు మరుగుజ్జుల పేర్లు వరసగా చెప్పలేనివాళ్ళు కూడా బియోర్న్‌ను మరిచిపోరు. ఇంత తక్కువ చోటులో ఇంత పెద్ద మనిషి ఎలా పట్టాడు?

నాకు తోచిన జవాబు ఒక్కటే. అతను ఎలుగుబంటిగా మారే క్షణాన్ని టోల్కీన్ ఒక్కసారి కూడా చూపించలేదు. చర్మం చిట్లడం, గోళ్ళు పొడుచుకు రావడం, కేకలు పెట్టడం లాంటివేమీ లేవు. రాత్రిపూట తలుపవతల అలికిడి, తెల్లారాక నేలమీద పంజాల గుర్తులు, అంతే. మిగతాదంతా చదివేవాడి ఊహకే వదిలేశాడు.

ఆ అధ్యాయం ఎలా నడుస్తుందో చూడండి. పదముగ్గురు మరుగుజ్జులు, కథానాయకుడైన హాబిట్ బిల్బో, మాంత్రికుడు గాండాల్ఫ్ కలిసి సాగుతున్న బృందం అది. పర్వతాల్లో గాబ్లిన్లనే దుష్టజీవుల బారినపడి, ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడ్డారు. గుర్రాలు పోయాయి, తిండి లేదు. ఆ చుట్టుపక్కల సాయం చేయగలవాడు బియోర్న్ ఒక్కడే. అతనికి కోపం ఎక్కువ, చుట్టాలంటే పడదు, మరుగుజ్జులంటే పెద్దగా ఇష్టం లేదు. అలాంటివాడి గుమ్మం ముందు పదిహేనుమంది ఒక్కసారిగా వాలితే ఏమవుతుంది? అందుకే గాండాల్ఫ్ ముందు బిల్బోను మాత్రం వెంటబెట్టుకుని వెళ్తాడు. మిగతావాళ్ళు అయిదేసి నిమిషాలకు ఇద్దరిద్దరు చొప్పున రావాలి.

వెళ్ళేసరికి బియోర్న్ పెద్ద ఓక్ దుంగ పక్కన గొడ్డలి ఆనించుకుని నిలబడి ఉంటాడు. గాండాల్ఫ్ కథ మొదలుపెడతాడు. “నేనూ, ఒకరిద్దరు మిత్రులూ” అన్నట్టుగా సాగుతుంది ఆ లెక్క. కథ పట్టుగా ఉన్నచోట ఇద్దరు మరుగుజ్జులు వచ్చి వంగి దండం పెడతారు. మళ్ళీ కథ, మళ్ళీ ఇద్దరు. తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలన్న ఆత్రంలో బియోర్న్ వాళ్ళను వెళ్ళగొట్టలేడు. చిట్టచివర ఒంటరిగా రావలసిన లావుపాటి బోంబర్, తనను ఆఖర్న పెట్టారన్న ఉక్రోషంతో, ముందు జంట వెనకాలే రొప్పుతూ వచ్చేస్తాడు. మొండి గృహస్థును కథ చెప్పి లొంగదీయడం ఇంత సరదాగా రాసినవాళ్ళు తక్కువ. పైగా అదంతా చదువుతున్నంతసేపూ, ఈయన కోపం వస్తే ఏమవుతాడో అన్న బెదురు మనల్ని వదలదు.

ఆ బెదురు రాత్రికి ముదురుతుంది. పొద్దు పొడిచేదాకా గుమ్మం దాటొద్దని గాండాల్ఫ్ ముందే హెచ్చరిస్తాడు. అర్ధరాత్రి బిల్బోకు మెలకువ వస్తుంది. తలుపవతల ఏదో పెద్ద జంతువు రాసుకుంటున్నట్టు చప్పుడు, గుర్రుమంటున్న శబ్దం. అది బియోర్నేనా, లోపలికొచ్చి చంపుతాడా అనుకుంటూ దుప్పటి ముసుగుతన్ని పడుకుంటాడు. మర్నాడు ఇంటాయన పత్తా లేడు. సాయంకాలం గాండాల్ఫ్ వచ్చి, తాపీగా భోంచేసి, పొగ పీల్చి అప్పుడు చెబుతాడు: రాత్రంతా ఇక్కడ ఎలుగుబంట్ల సభ జరిగింది, చిన్నవీ పెద్దవీ అన్నీ వచ్చి చిందులేశాయి, ఒక్క జత అడుగులు మాత్రం పడమటి కొండలవైపు వెళ్ళాయి. గాబ్లిన్లుండేది అటువైపే.

ఆ మరుసటి పొద్దున బియోర్న్ నవ్వుకుంటూ తిరిగొస్తాడు. మీరు చెప్పింది అబద్ధమేమోనని వెళ్ళి విచారించుకొచ్చానంటాడు. ఒక గాబ్లిన్‌ను, ఒక వార్గ్ తోడేలును పట్టి నిజం కక్కించాడు. గాబ్లిన్ తల గుమ్మం బయట గుచ్చి ఉంది, తోడేలు తోలు చెట్టుకు మేకులు కొట్టి ఉంది. రాత్రి ఏం జరిగిందో మనకు చెప్పే సాక్ష్యాలు ఇవే.

ఇంతటి క్రూరుడు మాంసం ఎందుకు ముట్టడు? ఇది చాలామందికి వచ్చే సందేహమే. అతని ఇంట్లో గుర్రాలు, కుక్కలు, గొర్రెలు పనివాళ్ళు. కుక్కలు దివిటీలు తెస్తాయి, కావాలంటే వెనక కాళ్ళమీద నిలబడతాయి, గొర్రెలు భోజనాల సామాను మోస్తాయి. వాటితో అతను వాటి భాషలోనే మాట్లాడతాడు. మాట్లాడే తోటివాళ్ళను ఎవరు తింటారు? అడవి జంతువులనూ వేటాడడు. మీగడ, తేనె అతని ఆహారం. పెద్ద పెద్ద తేనెటీగల పట్లు పెంచుతాడు. మరుగుజ్జులకు పొట్టిగుర్రాలు అరువిచ్చి, అడవి అంచునుంచి తప్పక వెనక్కి పంపాలని షరతు పెడతాడు. మాట నిలబెట్టుకుంటారో లేదోనని ఎలుగుబంటి రూపంలో వెంబడిస్తూ కాపు కాస్తాడు కూడా. ఆ నీడను చూసి బిల్బో అడగబోతే గాండాల్ఫ్ నోరు మూయిస్తాడు. అతని ప్రేమా కోపమూ ఒకచోటినుంచే పుట్టాయి: తనవాళ్ళ జోలికొస్తే ఊరుకోడు. ఒకనాటి రాత్రి అతను నది మధ్యలోని కారక్ బండమీద కూర్చుని, కొండలవైపు దిగుతున్న చంద్రుణ్ణి చూస్తూ, ఆ కొండల్లోని వాళ్ళు నశించే రోజు వస్తుంది, నేను తిరిగి వెళ్తాను అని ఎలుగుబంటి భాషలో గొణుక్కోవడం గాండాల్ఫ్ విన్నాడు. ఆ కొండలు ఒకప్పుడు అతని సొంత చోటన్నమాట.

ఇదంతా టోల్కీన్‌కు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఆంగ్ల భాషకు ఆచార్యుడు. ఐస్‌లాండ్ సాగాలను మూలభాషలోనే చదువుకోవడానికి 1920లలో సహాధ్యాపకులతో ఒక చదువరుల సంఘం కూడా పెట్టాడు. ఆ సాగాల్లో హ్రోల్ఫ్ క్రాకి అనే రాజు కథ ఒకటుంది. అందులో సవతి తల్లి కోరిక కాదన్నందుకు ఒక రాజకుమారుడు శాపానికి గురై పగలు ఎలుగుబంటిగా, రాత్రి మనిషిగా బతుకుతాడు. తండ్రి పశువులనే చంపి తింటూ చివరికి వేటగాళ్ళ చేతిలో చస్తాడు. అతని కొడుకు బోద్వర్ బ్యార్కి పెద్ద వీరుడు. హ్రోల్ఫ్ రాజు ఆఖరి యుద్ధంలో ఏ ఆయుధమూ తాకలేని ఒక మహా ఎలుగుబంటి శత్రువులను చీల్చి చెండాడుతుంటే, బోద్వర్ మాత్రం దివాణంలో కదలకుండా కూర్చుని ఉంటాడు. స్నేహితుడొచ్చి పిరికివాడివా అని తట్టి లేపగానే యుద్ధరంగంలో ఎలుగుబంటి మాయమవుతుంది, ఓటమి మొదలవుతుంది.

టోల్కీన్ ఇందులో శాపాన్ని తీసి పక్కన పెట్టాడు. బియోర్న్‌మీద ఎవరి మంత్రమూ లేదు, ఉన్నదంతా అతని సొంతమేనని గాండాల్ఫ్ చేత చెప్పించాడు. పశువులను తినే ఎలుగుబంటి పశువులను పెంచేవాడయ్యాడు. మనకూ కామరూపులు కొత్త కాదు గానీ, మారీచుడు బంగారు లేడయినా, హనుమంతుడు లంకలో చిన్నరూపం దాల్చినా అది పనిమీద వేసిన వేషం. బియోర్న్‌కు రెండూ సొంత రూపాలే. అసలతను మనిషా, ఎలుగా? నవలలో గాండాల్ఫ్ రెండు వాదాలూ వినిపించి, మనిషేనన్న వైపు మొగ్గుతాడు. 1954లో నవలా రచయిత్రి నయోమీ మిచిసన్‌కు రాసిన ఉత్తరంలో టోల్కీన్ కూడా అతను మనిషేనని తేల్చేశాడు.

నవల చివరి యుద్ధంలోనూ అదే దాచే పద్ధతి. బియోర్న్ ఎలా వచ్చాడో, ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ తెలియదు. ఒంటరిగా, ఎలుగుబంటి రూపంలో వచ్చి, ఈటెలు దిగి కూలిన మరుగుజ్జుల నాయకుడు థోరిన్‌ను ఎత్తుకుపోయి భద్రంగా దించి, మళ్ళీ వచ్చి గాబ్లిన్ల నాయకుడు బోల్గ్‌ను నలిపేస్తాడు. అప్పటికి బిల్బో తలకు రాయి తగిలి స్పృహలో లేడు. కాబట్టి ఆ ఘట్టం కూడా మనకు ఎవరో చెప్పగా విన్నట్టే చేరుతుంది.

ఈ నవల ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన 2013 నాటి సినిమాలో స్వీడన్ నటుడు మికాయెల్ పెర్స్‌బ్రాంట్ బియోర్న్‌గా వేశాడు. మంచి నటుడే. కానీ అక్కడ ఎలుగుబంటి మొదట్లోనే బృందాన్ని తరుముతుంది, రూపం మారడమూ తెరమీద కనపడుతుంది. రాత్రి తలుపవతలి చప్పుడుకు ఇక పనేముంది? కాబట్టి సినిమా చూసేసినవాళ్ళు సైతం ఏడో అధ్యాయం ఒక్కటి విడిగా చదవండి. పిల్లలకు పైకి చదివి వినిపిస్తే మరీ మంచిది. మరుగుజ్జులు జంటలుగా వచ్చే చోట మాత్రం తొందరపడకండి.