కలంకారీ తెరలు, పట్టుచీరలు: గృహమునందు వాని సంరక్షణ

తంజావూరు ప్రాంతమునందలి కరుప్పూరు, సిక్కల్‌నాయకన్‌పేటలలో కలముతో వస్త్రములపై చిత్రములు వ్రాయు కుటుంబములవారు నాయకరాజుల కాలమున తెలుగుదేశమునుండి వచ్చినవారని ప్రతీతి. కరుప్పూరు కలంకారీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాంచీపురమున పట్టు నేయు పద్మశాలీ, దేవాంగ కుటుంబములలోను తెలుగు మాటాడువారు కలరు. ఇట్టి చేతిపనులు తెలుగువారి యిండ్లలో తరతరములుగా నున్నవి. ఐనను తెరను, చీరను ఒకే పెట్టెలో నొకే రీతిగా దాచుట వాడుక. ఇది సరికాదు, ఒకటి నూలు, వేరొకటి పట్టు.

కలంకారీ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి యారవేయుదురు. పాత యినుపముక్కలను బెల్లపునీట చాలదినములు నానవేసి, ఆ ద్రవముతో గీతలు వ్రాయుదురు. ఇనుము కరక్కాయ వగరుతో గలిసి నల్లబడును. ఈ నలుపు చిరకాలము నిలుచుననుట నిజమే. కాని ఆ యినుమే కాలక్రమమున నూలుపోగును దినివేయును. తేమ తోడైనచో మరింత త్వరగా. పాతతెరలలో నల్లగీత లున్నచోటనే గుడ్డ పొడియై రాలుట కిదియే కారణము.

శ్రీకాళహస్తి తెరలపై కథాసందర్భమును తెలుగు లిపిలో వ్రాయు నాచారము కలదు. ఆ యక్షరములును నలుపే. కావున బొమ్మలకన్న ముందు మాటలు పోవు ప్రమాదము కలదు. ఆ పంక్తులను చదువలేని పిల్లలున్న తెలుగిండ్లు రాష్ట్రేతర ప్రాంతములలో నేడు పెక్కు. చదువగల పెద్దలున్నపుడే వానిని పుస్తకమున నెత్తివ్రాసి, తెరకు ఛాయాచిత్రము తీయించి యుంచుట అన్నిటికన్న ముందు చేయవలసిన పని.

కరక్కాయ పూవుతో దీసిన పసుపు వెలుతురునకు త్వరగా వెలియును. నీలిమీద పసుపు పూసి పచ్చరంగు తెత్తురు గనుక, పాతతెరలో ఆకులు నీలముగా గన్పించుట చిత్రకారుని యూహ గాదు, ఎదుటి కిటికీ చేసిన పని. వెలిసిన రంగు మరల రాదు. కాన ఎండపడు గోడకును, వాన కురిసిన చెమ్మగిల్లు గోడకును, దీపధూపముల పొగ సోకు తావునకును తెరను దూరముగా నుంచవలెను. మేకులు కొట్టరాదు. పైయంచు వెనుక గుడ్డతో గొట్టమువలె కుట్టి, అందు కఱ్ఱను దూర్చి వ్రేలాడదీసినచో బరువు సమముగా పంచుకొనబడును. కొన్నినెలలు వ్రేలాడినదానిని దించి, చుట్టచుట్టి విశ్రాంతి నీయవలెను. పాతతెరను ఇంట ఉతుకనే రాదు.

పట్టునకు సోడా, ఘాటైన సబ్బు శత్రువులు. ఉతుకుటకు ముందు తడిపిన తెల్లగుడ్డను చీరచెఱగున ఒకమూల అద్ది చూడవలెను; రంగంటినచో ఆ యత్నము మానుకొనవలెను. అంటనిచో చల్లని నీట పలుచని కుంకుడురసము చాలును. పిండక, నీడను ఆరవేయవలెను. జరీలోని వెండి గంధకము సోకిన నల్లబడును, రబ్బరుపట్టీలు తగులనీయరాదు. కలరా ఉండలు కూడ జరీకి తగులరాదు. వార్తాపత్రికలోని ఆమ్లము గుడ్డను పసుపుబార్చును, ప్లాస్టికు సంచి తేమను బంధించును. ఉతికిన తెల్లని నూలుగుడ్డయే మేలు. మడత యొకచోటనే నిలిచినచో జరీయు పట్టును అచ్చటనే విరుగును. రెండుమూడు నెలలకొకసారి విప్పి, గాలి తగులనిచ్చి, మడత మార్చవలెను. గంజి పెట్టిన గుడ్డను దాచరాదు, పురుగు చేరును. వేపాకు వేయువారు బాగుగా నెండినదానిని మూటగట్టి వేయవలెను. పచ్చియాకు తేమను తెచ్చును.

చినిగినచోట జిగురుకాగితము అంటింపరాదు. వెనుక పలుచని నూలుగుడ్డ నుంచి, సన్ననిదారముతో వదులుగా కుట్టింపవలెను.